దమయంతి చేమిరి

పెట్టె మీద పచ్చలైటు వెలిగితే ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం భయమేసింది.

ఆ రోజు మా జీడిపప్పు షెడ్డులో ఆడవాళ్ళకి క్యాంపు పెట్టారు. పప్పు ఏరే బల్లలు ఒక పక్కకి జరిపి, చీరలతో అడ్డం కట్టి, లోపల టిఫిను క్యారేజీ అంత పెట్టె ఒకటి ఉంచారు. ఎవరికి వాళ్ళు అడ్డం వెనక్కి వెళ్ళి, దూది పుల్లతో లోపలి తడి తీసుకుని, ఆ పుల్లని పెట్టెలో గుచ్చి రావాలి. పెట్టె పులుపు చూస్తుందట, వాసన చూస్తుందట, ఏయే సూక్ష్మజీవులు ఎంతెంత ఉన్నాయో కూడా చెప్పేస్తుందట. తెల్లబట్ట అవుతోందనీ నీచు వాసన వస్తోందనీ నోరు తెరిచి చెప్పుకోలేని వాళ్ళ కోసం ఈ పెట్టె చేశామని డాక్టరు వినోదిని గారు చెప్పారు. చెప్పుకోలేని వాళ్ళంటే మేమందరమూనూ.

పదిమందిలో ముగ్గురికి ఎర్రలైటు వచ్చింది. మిగతావాళ్ళకి పచ్చా పసుపూ కలిసి వచ్చింది. మా దమయంతికి ఒక్కదానికే చిక్కటి పచ్చ. డాక్టరమ్మ చూసి, "ఇంకోసారి తీసుకురామ్మా," అంది. మళ్ళీ అదే. మూడోసారికి పెట్టెనే మార్చింది.

"నా పిల్లకి ఏటైందమ్మా?" అని అడిగాను. నా చదువు ఏడో తరగతితో సరి. నాకు తెలిసిందల్లా ఒక్కటే, డాక్టరు ఒక పరీక్ష రెండోసారి చేయిస్తే అది క్యాన్సరే.

"ఏమీ కాలేదు. చాలా బాగుంది."

"బాగుంటే ఇన్నిసార్లు ఎందుకు చూస్తారు?"

ఆవిడ నన్ను కూర్చోబెట్టి తెర మీద చూపించింది. ముందు ఇంకెవరిదో, పేరు చెప్పకుండా. పనసతొన మీద ఈగలు ముసిరినట్టు ఒక్కో కణం మీద నలుసులు ముసిరి, దాని అంచే కనబడటం లేదు. "ఇవి గార్డ్‌నెరెల్లా. వీటి వెంట ఇంకొన్ని చేరతాయి. కొద్దికొద్దిగా చాలామందిలో ఉంటాయి. పులుపు తగ్గితే పెరిగిపోతాయి. ఇది తప్పుడు నడవడికతో వచ్చిన రోగం అనుకోకండి, ఒంట్లో తూకం తప్పడం అంతే," అంది. తర్వాత మా పిల్లది చూపించింది. నున్నటి కణాలు, వాటి మధ్య పొడుగాటి కడ్డీలు, గడ్డివాము నుంచి రాలిన పరకల్లాగ. ఇంకేం లేవు.

"వీటిని లాక్టోబాసిల్లస్ అంటాం. పాలని పెరుగు చేసేవాటికి చుట్టాలు. పులుపు పుట్టించి మిగతావాటిని దగ్గరికి రానివ్వవు. మీ అమ్మాయిలో ఇవి మాత్రమే ఉన్నాయి. నేను ఇంతవరకూ ఇలా చూడలేదు."

చూడలేదు అందా, ఇక నాకు అది చాలు. లోకంలో ఎవరికీ లేనిది నా పిల్లకి ఉంటే అది జబ్బు కాక మరేటి?

జబ్బు కాదని నన్ను నమ్మించడానికి ఆవిడ మా ఇంటికి చాలాసార్లు రావలసి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒక మాట కదిపేది. ఎర్రలైటు వచ్చిన వాళ్ళకి మాత్రలిస్తే తగ్గుతుంది, కానీ చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ వచ్చేస్తుంది. చెడ్డవాటిని చంపినా, ఖాళీ అయిన చోట మంచివి మొలవకపోవడమే కారణం. దమయంతి దగ్గర నుంచి కాసిని తీసి, గాజుబుడ్డిలో పెంచి, మాత్రలు వాడిన వాళ్ళకి ఇస్తే నిలుస్తాయేమోనని ఆవిడ ఆశ.

"అంటే పాలు తోడేసినట్టా?" అన్నాను.

"అచ్చం అలాగే."

పాలల్లో వేసే చెంచాడు మజ్జిగని మా వైపు చేమిరి అంటాం. నేను ఆ మాట అనేసరికి డాక్టరమ్మకి నచ్చింది. తర్వాత ల్యాబులో అందరూ 'దమయంతి చేమిరి' అనే అన్నారు.

మా పిల్లకి భయం లేదు. నాకే భయం. "ఉన్న చేమిరంతా ఊరికి పంచేస్తే మనకేం మిగులుతాదే?" అన్నాను.

"చెంచాడు తీస్తే కుండ ఖాళీ అయిపోతాదేటమ్మా?" అని నవ్వేసి ల్యాబుకి బయల్దేరింది.

ల్యాబు కాశీబుగ్గ రోడ్డులో పాత ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉండేది. చేమిరి పట్టింది. మాత్రలు వాడి చేమిరి వేయించుకున్న వాళ్ళకి ఎర్రలైటు తిరిగి రాలేదు. ఎవరెవరు వేయించుకున్నారో మాకు చెప్పరు, ఇచ్చింది ఎవరో వాళ్ళకి చెప్పరు. అదీ కట్టుబాటు. ఒకటే చిక్కు. చలిపెట్టెలో గడ్డకట్టించి దాచింది కరిగిస్తే బతికే ఉండేది గానీ ఎవరి ఒంట్లోనూ నిలిచేది కాదు. ఎందుకో వాళ్ళకి అంతుపట్టలేదు. అందుకని ఎప్పటికప్పుడు తాజాగా దమయంతే ఇవ్వాలి.

దాంతో మా పిల్ల బతుకు పెరుగు ఉట్టి అయిపోయింది. తగలకూడదు, కదపకూడదు. దగ్గొస్తే మందుల షాపు మాత్ర మింగకూడదు, చేమిరి చచ్చిపోతుందట. వాసన సబ్బు వద్దు. పన్ను వాచిపోయి చెంప బూరెలాగ పొంగినా, డాక్టరమ్మకి ఫోను చేసి అడిగే వరకూ లవంగం నొక్కుకుని కూర్చుంది. "నువ్వు మనిషివా, వాళ్ళ సీసావా?" అని నేను తిడితే, "నా మూలంగా ఎంతమంది ఇంట్లో గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటున్నారో తెలుసా?" అనేది. నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇంతలో సంబంధం వచ్చింది. పిల్లాడు జోగారావు, జీడిపిక్కల బస్తాలు తోలే వ్యాను డ్రైవరు. నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ నీలవేణి ఇంకో షెడ్డులో పప్పు మేస్త్రీ. ఆవిడ కేకేస్తే ఏరే చేతులన్నీ ఒక్కసారి ఆగుతాయని పేరు. పిల్ల ల్యాబుకి ఎందుకెళ్తోందని అడుగుతారేమోనని, అక్కడ తుడిచే పని చేస్తోందని అబద్ధం ఒకటి తయారుచేసుకుని కూర్చున్నాను. ఆవిడ అడగనే లేదు. అడగకపోయేసరికి ఇంకా భయమేసింది. అన్నీ తెలిసిన వాళ్ళే అడగరు కదా.

పెళ్ళయింది. దమయంతి కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి నేను నిద్ర మానేశాను. అయిదో నెల వచ్చేసరికి నేను భయపడినట్టే అయింది. వణుకుతో జ్వరం, నడుం నొప్పి. పెద్దాసుపత్రిలో చూసి మూత్రపిండానికి చీము పట్టింది, ఇంజెక్షన్లు పడాలి అన్నారు. నేను వినోదిని గారికి ఫోను చేశాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేయించండి. చేమిరి సంగతి ఇప్పుడెందుకు? ముందు పిల్ల, కడుపులో బిడ్డ."

జ్వరం తగ్గింది. తర్వాత పెట్టెలో పుల్ల గుచ్చితే ఎర్రలైటు. మా దమయంతికి! నున్నటి కణాల మీద ఈగల ముసురు. ఇంజెక్షన్లు చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చేశాయి.

"కడుపుతో ఉన్నప్పుడు ఇది ఉంటే కొందరికి నెలలు నిండకుండా కాన్పు వచ్చే అవకాశం పెరుగుతుంది. కొందరికే. అందరికీ కాదు," అంది డాక్టరమ్మ.

'అందరికీ కాదు' అన్న మాట నా చెవిలోకి పోలేదు. అప్పటికే నా కళ్ళ ముందు గాజుపెట్టెలో పిడికెడు బిడ్డ.

కడుపుతో ఉన్నవాళ్ళు వాడదగ్గ మాత్రలే ఇచ్చారు. వారం వాడింది. ఎర్రలైటు పోయింది, పచ్చ రాలేదు. తెర మీద ఖాళీ. "మెల్లిగా వస్తాయి, చూద్దాం," అన్నారు. నేను చూస్తూ ఊరుకునేదాన్నా? మా ఇంట్లో పుండుకైనా, పురుడుకైనా, పెద్దమనిషైన పిల్లకైనా ఒకటే వైద్యం. వేపాకు, పసుపు, పటిక వేసి కాచిన నీళ్ళు. వాళ్ళత్తగారింటికి పొద్దున్నా సాయంత్రం బిందెతో పట్టుకుపోయి, పిల్ల వద్దంటున్నా వినకుండా లోపలిదాకా కడిగించాను. పిల్ల కూడా చివరికి, అమ్మ ఏడుపు చూడలేక, సరేలెమ్మంది.

మళ్ళీ పరీక్షకి వెళ్తే మళ్ళీ ఎర్ర.

"లోపల ఏమైనా వాడుతున్నావా?" అని అడిగింది డాక్టరమ్మ. దమయంతి నా వైపు చూసింది. చెప్పాను. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"దాలమ్మగారూ, పాలు తోడుకోకముందే గిన్నె తోమేశారు."

అప్పుడు అర్థమైంది నాకు. బిడ్డ ముందే వస్తే అది నా బిందె మూలంగానే.

"ఇప్పుడెలాగ మరి?"

"మళ్ళీ మాత్రలిస్తాను. కానీ ఈసారి వెంటనే చేమిరి వేయాలి. గడ్డకట్టించింది ఉంది, అది నిలవదని మీకు తెలుసు. తాజాది కావాలి. ఎవరికైతే దమయంతి చేమిరి ఇచ్చామో వాళ్ళ ఒంట్లో ఉన్నది దమయంతిదే. వాళ్ళల్లో ఒకరు తిరిగి ఇస్తే చాలు."

"మరి పిలవండి!"

"అందరికీ మెసేజీలు పెట్టాను. ఒక్కరూ పలకలేదు. ఫోను చేసి గట్టిగా అడగలేను. చాలామంది ఇళ్ళల్లో ఈ సంగతి తెలీదు. పేర్లు నేను బయటపెట్టకూడదు."

"నాకొక్కదానికి చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"మీ అమ్మాయి పేరు కూడా వాళ్ళకి నేను అలాగే చెప్పేసి ఉంటే ఊరుకునేవారా?"

మెట్లు దిగుతుంటే దమయంతి నా చెయ్యి పట్టుకుంది. "ఎవరో ఒకరు వస్తార్లేమ్మా." కోపం లేదు దానికి. తిట్టినా బాగుండేది.

మర్నాడు షెడ్డులో మధ్యాహ్నం కూడు వేళ, అందరూ క్యారేజీలు విప్పాక నేను లేచి నిలబడ్డాను. బస్సులో కండక్టరుని చిల్లర అడగడానికి కూడా నోరు రాని మనిషిని. బల్ల పట్టుకున్నాను.

"ఓలమ్మా, దాలమ్మ మీటింగు పెట్టిందర్రా," అంది గున్నమ్మ. ఆవిడకి ఎవరి మీదైనా జోకు లేకపోతే ముద్ద దిగదు. అందరూ నవ్వారు.

"తెల్లబట్ట జబ్బు," అన్నాను. నవ్వు ఆగిపోయింది. "ల్యాబులో చేమిరి వేయించుకుని తగ్గించుకున్న వాళ్ళు ఇక్కడా ఉండుంటారు, పక్క షెడ్లల్లోనూ ఉండుంటారు. ఎవరని నేనడగను. ఆ చేమిరి ఎవరిదో మీకు తెలీదు. నా కూతురిది. దమయంతిది. రెండేళ్ళు ఇచ్చింది. ఇప్పుడు దానికే లేకుండా పోయింది. కడుపుతో ఉంది. బిడ్డ నిలవాలంటే ఎవరో ఒకరు ల్యాబుకెళ్ళి ఒక్క పుల్ల ఇవ్వాలి. చెయ్యెత్తొద్దు, నాతో మాట్లాడొద్దు. వెళ్ళి ఇచ్చి వచ్చేయండి. అంతే."

ఎవరో స్టీలు మూత కింద పడేసుకున్నారు. గున్నమ్మ, "ఛ, తినే కాడ ఈ మాటలేటే," అని మొహం తిప్పుకుంది. నేను కూర్చుని నా అన్నం కలిపాను గానీ తినలేకపోయాను. కూతురి సంగతి ఊరందరి ముందూ విప్పేశాను. ఇక అత్తారింట్లో దానికి అన్నం పెడతారో లేదో అని కొత్త భయం పట్టుకుంది.

ఆ భయం సాయంత్రానికే గుమ్మంలోకి వచ్చింది. వియ్యపురాలు నీలవేణి. జడ ముడి ఊడిపోయి ఉంది, అంత వేగం మీద నడిచొచ్చింది.

"నా కోడలి సంగతి షెడ్డులో చాటింపు వేస్తావా? మా షెడ్డులో ఇప్పుడు అదే మాట!"

"వదినగారూ, పిల్లని ఏమీ అనకండి. తప్పంతా నాదే..."

"నీ ఏడుపు ఆపు ముందు. నాకెందుకు చెప్పలేదు? ఇన్నాళ్ళు బిందె పట్టుకుని మా ఇంటి చుట్టూ తిరిగావు కదా, ఒక్క ముక్క నాతో అనడానికి నోరు లేదా?"

"మీకు ఎలగ చెప్తాను? మీరేమనుకుంటారో అని..."

"చెప్పులేసుకో. బేగి పద."

"ఎక్కడికి?"

"ల్యాబు మూసేస్తారు."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. పోట్లాడటానికి తీసుకెళ్తోందనుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ మెట్లు ఆవిడ ఎక్కుతున్న తీరు చూశాక అనుమానం వచ్చింది. అయిదో మెట్టు విరిగి ఉంటుంది. ఆవిడ కిందికి చూడకుండానే దాన్ని దాటేసింది.

లోపలికి వెళ్ళి, "వినోదినమ్మా, పుల్ల ఇయ్యి," అంది. "నువ్వు పెట్టిన మెసేజీ నేను చూడలేదు. నా ఫోను మా జోగి చూస్తాడు. ఏదో మోసం మెసేజీ అనుకుని తీసేసుంటాడు."

డాక్టరమ్మ నా వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది, పుల్ల చేతికిచ్చింది.

వియ్యపురాలు పుల్ల గుచ్చి బయటికొచ్చాక బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. లోపల పెట్టె సన్నగా గుయ్‌మంటోంది.

"పదేళ్ళు పడ్డాను," అంది గోడ వైపు చూస్తూ. "మా ఆయన పక్కగది పట్టాడు. ఎవడితో తిరిగావని ఒకసారి అడిగాడు కూడా. గర్భసంచి తీసేస్తే పోతాదని ఒక డాక్టరు చెప్తే రోజు కూడా ఖాయం చేసుకున్నాను. ఈలోగా ఈ పెట్టె వచ్చింది."

నేను ఆవిడ దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"నీ కూతుర్ని నేను చూసింది ఈ మెట్ల మీదే. నాలాగే రోగం ఉండి వస్తోందనుకున్నాను. మేమంతా మొహాన కొంగేసుకుని పిల్లుల్లాగ వచ్చేవాళ్ళం. ఇది తలెత్తుకుని దిగింది. ఇలాంటి పిల్ల నా ఇంటికి రావాలనుకున్నాను. సంబంధం నేనే కదిపాను. నీకేమో, నేను దయతల్చి చేసుకున్నట్టు కనబడ్డాను కదూ?"

"రోగం ఉందనుకునే చేసుకున్నారా?"

"ఉంటే ఏటి? నాకు లేదా?"

తలుపు తీసి డాక్టరమ్మ రమ్మంది. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే పెట్టింది. ఒకటి పాతది, దమయంతిది. రెండోది ఇప్పటిది. రెండింటిలోనూ అవే పరకలు. "రెండూ ఒకటే జాతి. అక్కడక్కడా చిన్న మార్పు, అంతే," అంది. వేరే రోగాలేవీ లేవని తేల్చుకోవడానికి వియ్యపురాలి రక్తం కూడా తీసుకుంది.

దిగేటప్పుడు ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. "జోగికి తెలీకూడదు. నా ఇంట్లో ఎవరికీ తెలీకూడదు. తెలిసిందా, నిన్ను ఊరుకోను."

ఒట్టేశాను.

మాత్రలు అయిపోయిన మర్నాడే చేమిరి వేశారు. బిందె నేను అటక మీదికి ఎక్కించేశాను. ప్రతి పరీక్షకీ వియ్యపురాలు షెడ్డుకి సెలవు పెట్టి మరీ వచ్చేది. మొదటిసారి ఖాళీ. రెండోసారి రెండు పరకలు, మూడు పరకలు. ఆ తర్వాత తెర నిండా. పచ్చలైటు చూసి డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. నేను మాత్రం, లైటు పాడైపోయిందేమో ఇంకో పెట్టెలో చూడమన్నాను. చూసింది. పచ్చే.

నేను షెడ్డులో మాట్లాడిన తర్వాత ఇంకా కొందరు వచ్చారట. ఎవరో డాక్టరమ్మ చెప్పలేదు. ఇప్పుడు చేమిరి ఒక్క మనిషే ఇవ్వక్కర్లేదు, వంతుల మీద ఇస్తున్నారు. మా పిల్లకి పన్ను నొప్పొస్తే నిశ్చింతగా మాత్ర మింగొచ్చు.

ఏడో నెల గడిచింది. ఎనిమిదో నెల గడిచింది. కడుపు బరువుగా ఉందన్నా భయమే, తేలిగ్గా ఉందన్నా భయమే. తొమ్మిది నిండాక ఒక పొద్దున్న నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో మామూలు కాన్పు. ఆడపిల్ల. మంచి బరువు.

వరండాలో నేను, వియ్యపురాలు, జోగారావు కూర్చున్నాం. చుట్టూ ఇంకా చాలామంది. వినోదిని గారు చూడ్డానికొచ్చి, లోపలికెళ్ళి వచ్చి, నవ్వుతూ మా ఇద్దరి చెవిలో పడేలాగ నెమ్మదిగా అంది. "కాన్పులో తల్లి దగ్గరవి బిడ్డకి అంటుతాయి. పాపకీ చేమిరి అందే ఉంటుంది."

ఆవిడ అలా వెళ్ళిందో లేదో వియ్యపురాలు అంది, "అయితే నా మనవరాలికి నావే వచ్చాయి."

నేను ఊరుకోవలసింది. కానీ ఎందుకో ఊరుకోలేకపోయాను. "మీవి ఎలగవుతాయి వదినగారూ? మీకు ఇచ్చింది నా కూతురు."

"ఇచ్చింది ఇచ్చేసింది. రెండేళ్ళు నా ఒంట్లో పెరిగాయి. సాకింది నేను."

"దాన్ని కన్నది నేను. దానికి నా దగ్గర్నుంచే వచ్చుంటాయి."

"నీ దగ్గరుంటే ఏవి? చూపించు! వేపాకు నీళ్ళతో ఎప్పుడో కడిగి పారేసుంటావు."

"మా అమ్మకి ఉండేవేమో!"

"మీ అమ్మని నేను చూశానా? నావి తెర మీద చూశాను. డాక్టరమ్మే చూపించింది!"

గొంతులు ఎప్పుడు పెరిగాయో మాకు తెలీలేదు. అవతల బెంచీ మీద పెద్దాయన పేపరు దించి చూస్తున్నాడు. జోగారావు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏవమ్మా నీవి? ఏవి పాపకొచ్చాయి?"

నేను నాలుక కరుచుకున్నాను. ఒట్టు నేనే తప్పానని, ఇక ఈవిడ ఈ జన్మలో నా మొహం చూడదని అనుకున్నాను. వియ్యపురాలు కొంగు సర్దుకుంది. వరండా అంతటికీ వినబడేలాగ, షెడ్డులో కేకేసినట్టే చెప్పింది.

"తెల్లబట్ట జబ్బు పోగొట్టే సూక్ష్మజీవులురా. ఆ జబ్బు నాకు పదేళ్ళు ఉండేది. నీ పెళ్ళాం మూలంగా పోయింది. దానికొచ్చినప్పుడు నేనిచ్చాను. ఇప్పుడు నీ కూతురికీ ఉన్నాయి. ఇంకేటైనా తెలుసుకోవాలా?"

జోగారావు చెవులు ఎర్రబడ్డాయి. లేచి, "టీ తెస్తాను," అన్నాడు.

"నాకు పంచదార తక్కువేయించు," అంది వాళ్ళమ్మ, ఆ కోపంలోనే.

లోపల పాప ఏడ్చింది. నెలలు నిండిన బిడ్డ ఏడుపు, తలుపులు రెండూ దాటి వచ్చేంత గట్టిగా. ఇద్దరం మాట ఆపేసి విన్నాం. అంత గట్టిగా ఏడుస్తోందేటి, కడుపునొప్పేమోనని నేను లేచి తలుపు దగ్గరికి పరిగెత్తాను.